డిప్యుటేషన్ మీద వెళ్ళిన ఇంజను

మనిషిలో ఆత్మ ఉందా లేదా అన్న విషయం మీద పెద్దలు వేల ఏళ్ళుగా వాదించుకుంటున్నారు, ఇంకా తేల్చలేదు. కారులో ఇంజను ఉందా లేదా అన్న విషయాన్ని మాత్రం మన వ్యవస్థ ఎప్పుడో తేల్చేసింది. కాగితంలో ఉంటే ఉన్నట్టు, కాగితంలో లేకపోతే లేనట్టు. ఇంత సులువైన సత్యం తెలుసుకోవడానికి చోడవరం పరదేశికి రెండు నెలలకు పైనే పట్టింది. (తప్పు వ్యవస్థది కాదు. ఆయన మొదట బోనెట్టు ఎత్తి చూశాడు.)

చోడవరంలో ఆయన్ని ఇంటిపేరుతో అడిగితే ఎవరికీ తెలియదు. కాంటెస్సా పరదేశి అంటే బస్టాండులో వేరుశనక్కాయలమ్మే ఆవిడ కూడా దారి చెబుతుంది. దాదాపు నలభై ఏళ్ళ వయసున్న మీగడరంగు కాంటెస్సా ఆయనది. దాని బోనెట్టు ఎంత పొడుగంటే, ముందు బోనెట్టు వచ్చి, కాస్త వ్యవధి ఇచ్చి, ఆ తర్వాత మనుషులు వస్తారు. పెళ్ళికొడుకులను ఊరేగించడం ఆ కారు ఉద్యోగం. దాన్ని తోలడం పరదేశి ఉద్యోగం. అద్దాల పైకప్పున్న కొత్త కార్లు ఎన్ని దిగినా, చీడికాడ నుంచి బుచ్చయ్యపేట దాకా కాస్త పరువున్న పెళ్ళివారు "కాంటెస్సా దొరికిందా?" అని అడిగాకే శుభలేఖ అచ్చుకిచ్చేవారు.

అటువంటి కారు మాఘమాసంలో చీడికాడ రోడ్డు మీద, లోపల పెళ్ళికొడుకు ఉండగా, పెద్దగా దగ్గి చనిపోయింది. పెళ్ళికొడుకు బాసికం సర్దుకుని దిగి, మండపం దాకా తోశాడు. ఆల్బంలో రెండో పేజీలో ఆ ఫొటోయే ఉంది. ఫొటోగ్రాఫరు దాని కింద 'ప్రయాణం మొదలు' అని రాశాడు.

మెకానిక్ ఏసుదానం బోనెట్టు ఎత్తి, తలంతా లోపలికి పెట్టి, కాసేపటికి బయటికి తీశాడు.

"బ్లాకు పగిలిపోనాది పరదేశన్నా. ఇదింక ఇంజను కాదు, ఇనుం."

"ఇంకోటి ఎక్కించలేవేటిరా?"

"ఎందుకెక్కించలేను? దీనికి అతికినట్టు సరిపోయేది నా షెడ్డులోనే ఉంది. ఆదివారం చర్చికెళ్ళొచ్చి, సోమారం ఎక్కించేస్తాను. మంగళారం నువ్వు పెళ్ళికెల్లిపోవచ్చు."

పరదేశి హమ్మయ్య అనుకున్నాడు. తొందరపడ్డాడు. కారు రిజిస్ట్రేషన్ గడువు ఏప్రిల్ ముప్పైతో తీరిపోతుంది. ఈలోగా ఇంజను గుర్తింపు పొందకపోతే రెన్యువల్ కాదు. రెన్యువల్ కాని కారు తుక్కు కింద లెక్క. తుక్కు బండివాళ్ళే వచ్చి కట్టి లాక్కుపోతారు. (ఈ ఒక్క సేవకు మాత్రం దరఖాస్తు చేసుకోనక్కర్లేదు.) కారు పోతే పరదేశికి ఉపాధి పోతుంది. దానితో పాటు పేరులో ముందరి సగం కూడా పోతుంది. యాభై ఎనిమిదేళ్ళ వయసులో ఊరికే పరదేశిగా బతకడం ఆయనకు చేతకాదు.

ఇంజను విషయం చూడడానికి చోడవరంలో ఇంజన్ల గుర్తింపు, ఎంపిక ఉపవిభాగం ఉంది. అది రెండో అంతస్తులో ఉంది. ఇంజన్లు మెట్లెక్కలేవు కాబట్టి నేరుగా రాకూడదు. ముందు ఫోనులో 'యంత్రమిత్ర' అనే యాప్ దించుకుని, చనిపోయిన ఇంజను ఫొటో పెట్టాలి. పరదేశి పెట్టాడు. యాప్ కాసేపు ఆలోచించి, "మీ ముఖం స్పష్టంగా లేదు. వెలుతురులోకి వచ్చి కళ్ళు ఆర్పండి" అంది. ఏసుదానం టార్చి వేసి పట్టుకున్నాడు. ఇంజను కళ్ళు ఆర్పలేదు. మూడుసార్లు ఆర్పకపోయేసరికి యాప్ దాన్ని ఇరవై నాలుగు గంటలు నిషేధించింది.

యాప్ కాదన్నవాళ్ళకు మనిషి రూపంలో గౌరీశంకర్ గారు ఉంటారు. ఆయన ఇంజన్ల గుర్తింపు సహాయాధికారి. ఎవరినీ విసుక్కోరు, ఎవరి పనీ తొందరపడి చేయరు. సొంతబండి లేదు, బస్సులో వస్తారు. (నిష్పాక్షికత కోసం.) పద్ధతి ప్రకారం పరదేశి ఇంజను మీదున్న నంబరుపై కాగితం పరిచి, పెన్సిలుతో రుద్ది, అచ్చు తీసి పట్టుకెళ్ళాడు.

గౌరీశంకర్ ఆ అచ్చునీ, ఆర్సీనీ పక్కపక్కన పెట్టుకున్నారు.

"చనిపోయింది ఎవరు?"

"ఇంజనండి."

"ఎవరి ఇంజను?"

"నా బండిదేనండి."

"కాదు. మీ ఆర్సీలో నంబరు తొంభై ఒకటితో మొదలైంది. ఈ అచ్చు నలభైతో మొదలైంది. మీ బండిలో ఎవరో పరాయి ఇంజను చనిపోయింది." ఆయన గొంతు తగ్గించారు. "మరి మీ ఇంజను ఎక్కడుంది?"

పరదేశికి అప్పుడు గుర్తొచ్చింది. పన్నెండేళ్ళ కిందట చెరకు ఆడే రోజుల్లో బుచ్చయ్యపేటలో బావమరిది బాలు క్రషరు ఇంజను ఆగిపోయింది. నరికిన చెరకు కళ్ళంలో ఉంది. పొయ్యి మీద పెనం ఉంది. చెరకు రసం మనిషిలా సర్దుకుపోదు, పూటలో పులిసిపోతుంది. శుభకార్యానికి గుండిగ ఎరువిచ్చినట్టు, పరదేశి తన కారు ఇంజను విప్పి నాలుగు రోజులకని ఇచ్చాడు. బావ కారు ఖాళీగా ఉండడం చూడలేక బాలు తన పెరట్లో ఉన్న పాత వ్యాను ఇంజను తెచ్చి ఇచ్చాడు. నాలుగు రోజులు అయ్యాయి. తరవాత పన్నెండేళ్ళు కూడా అయ్యాయి. ఇచ్చినవాడు అడిగితే చిన్నతనం. పుచ్చుకున్నవాడు తిరిగిస్తే లెక్కలు తేల్చుకున్నట్టుంటుంది. అందుకని ఇద్దరూ మర్యాదగా ఊరుకున్నారు.

ఇదంతా విని గౌరీశంకర్ ముఖం వెలిగింది. ఆయనకు తెలిసిన చోటికి కథ వచ్చింది.

"అంటే మీ ఇంజను వ్యవసాయ రంగానికి డిప్యుటేషన్ మీద వెళ్ళింది. నాలుగు రోజుల తర్వాత పొడిగింపు ఉత్తర్వు ఉందా?"

"బావమరిదండి."

"అది బంధుత్వం. ఉత్తర్వు?"

"లేదండి."

"చూశారా. డిప్యుటేషన్‌లో ఉన్నవారి సీటు ఖాళీ కింద రాదు. ఖాళీ లేని సీటులో కొత్తవారిని వేయలేం. ముందు ఆ ఇంజనును గుర్తించాలి. తర్వాత అది తిరిగి వస్తుందా, విరమిస్తుందా అన్నది తేలాలి."

ఇంట్లో ఈ మాట చెప్పగానే భార్య నూకరత్నం కూర కలియబెడుతున్న గరిట అలాగే పట్టుకుని బయటికి వచ్చింది.

"మా తమ్ముడి కాడికెల్లి ఇంజనడుగుతావేటి? రేపు మా పుట్టింటోళ్ళ మొకం నానెలా సూడాల?"

"అడగడం కాదే. నంబరు సూసొచ్చేస్తాం."

"పన్నెండేళ్ళు సూడందే నిద్దర పట్టింది గదా, ఇప్పుడేటొచ్చింది?"

"సూడకపోతే బండి తుక్కులోకి పోద్ది."

నూకరత్నం గరిట దించింది. "నానూ వొస్తాను. నువ్వు నోరిప్పకు."

క్షేత్ర పరిశీలనకు గౌరీశంకర్‌తో కలిసి ముగ్గురూ బుచ్చయ్యపేట వెళ్ళారు. బాలు బెల్లం పాకలో సిమెంటు దిమ్మ మీద కాంటెస్సా ఇంజను కిరసనాయిలు తాగుతూ, క్రషరు తిప్పుతూ, ఎంతో ఆరోగ్యంగా కనిపించింది. ఏటా దసరాకి దానికో పూత వెండిరంగు, ఆ పైన పసుపు, బొట్టు. రోజూ ఎగిరిపడే చెరకు నురగ సరేసరి. పరదేశి దాన్ని చూసి, చిన్నప్పుడు పెంపకానికిచ్చిన బిడ్డను చూసినట్టు, కాస్త ఎడంగా నిలబడ్డాడు.

"రా అప్పా, రా బావా," అంటూ బాలు అక్కకీ బావకీ ఆకుల్లో వేడి బెల్లం తెచ్చాడు. "ఈ బాబెవరు?"

"ఆపీసరు బాబు. ఇంజను నంబరు సూస్తారంట," అంది నూకరత్నం, ఎటో చూస్తూ.

బాలు చేతిలో ఆకు అలాగే ఉండిపోయింది.

గౌరీశంకర్ కాగితం పరిచి పెన్సిలు రుద్దారు. ఎర్రగా, గుండ్రంగా ఒక అచ్చు వచ్చింది. ఆయన దాన్ని వెలుతురుకేసి పట్టుకుని చూశారు.

"ఇది నంబరు కాదు. బొట్టు. నంబరు కింద ఉంటుంది. గీకాలి."

"గీకుతారా?" బాలు గొంతు లేచింది. "పూజలందుకున్న ఇంజను మీద ఉలి పెడతారా? ఇదాగితే నా పెనం ఆగిపోద్ది బాబూ, నా ఇల్లాగిపోద్ది!"

చివరికి నూకరత్నమే కొబ్బరికాయ తెప్పించి, ఇంజను ముందు కొట్టి, చెంపలు వేసుకుంది. "తల్లీ, మనసులో ఎట్టుకోకు. సర్కారోళ్ళకి నీ నంబరు కావాలంట. మాకు నువ్వెవరో తెలుసు."

పన్నెండు పూతలు గీకాక, పదమూడోది తుప్పు. దాని కింద తొంభై ఒకటి కనిపించింది. ఆర్సీతో ప్రతి అంకె కలిసింది. గౌరీశంకర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మా ఉపవిభాగం పెట్టాక ఒక ఇంజను దొరకడం ఇదే మొదటిసారి," అని, ఇంజనుకు అభినందనలు తెలిపి, రికార్డులో రాసుకున్నారు.

"ఇంక దీన్ని రిలీవ్ చేయండి," అన్నారు బాలుతో.

బాలు అధికారిని చూడలేదు. బావను చూశాడు. "ఇంజనెంత బావా? ఇప్పుడే విప్పించెయ్. కావాలని ఒక్క మాట నువ్వడక్కుండా, ఆపీసరుని ఎంటబెట్టుకొచ్చేవు సూడు. అదీ నా బాద."

అవతల రెండెకరాల చెరకు నరికి పడి ఉంది. పెనంలో పాకం కుతకుతలాడుతోంది. పరదేశి ఇంజను మీద చేయి పెట్టబోయి, వేడిగా ఉందని తీసేశాడు. "నాకొద్దురా. కిరసనాయిలు మరిగిన గొంతు, పెట్రోలు పడదు దానికి," అన్నాడు.

అబద్ధమని ముగ్గురికీ తెలుసు. నాలుగో ఆయన రాసుకున్నారు: 'ఆరోగ్య కారణాలపై స్వచ్ఛంద విరమణ.' ఇంజను తరఫున బాలు సంతకం చేశాడు. సీటు ఖాళీ అయింది.

ఖాళీ అయిన సీటుకు నియామక ప్రకటన వెలువడింది. మూడు ఇంజన్లు పోటీ పడ్డాయి. మొదటిది ఏసుదానం షెడ్డులోది. సరిగ్గా అతుకుతుంది, ఒక్క తిప్పుకే మొదలవుతుంది. కానీ అది పుట్టిన బండి కాగితాల్లో ఒక పేజీని ఎప్పుడో ఎలుక తినేసింది కాబట్టి దాన్ని అనాథ కింద కట్టి పక్కన పెట్టారు. రెండోది లారీ ఇంజను. కాగితాలు బాగున్నాయి గాని అది కారు కన్నా పెద్దది. (కారును పొడిగించే అవకాశం పరిశీలించమని ఎంపిక సంఘంలో ఒకరు సూచించారు. వీగిపోయింది, ఒక్క ఓటు తేడాతో.) మూడోది అనకాపల్లిలో ఒక తుక్కు కొట్టువాడు దరఖాస్తు చేసింది. కాగితాలు లామినేషన్ చేసి ఉన్నాయి. ఏడు సంతకాలు, ఏడు ముద్రలు. నూటికి తొంభై ఎనిమిది వచ్చాయి.

"దేనికేసేరు సార్ మార్కులు?" అడిగాడు ఏసుదానం.

"కాగితాలకు అరవై. పూర్వ అనుభవానికి ఇరవై. మిగతావారితో గొడవల్లేకుండా ఉన్నందుకు ఇరవై."

"మరి నడవడానికో?"

"నడవడం అభిలషణీయం," అన్నారు గౌరీశంకర్. "తప్పనిసరి కాదు."

పరదేశి, ఏసుదానం మినీ వ్యాను కట్టించుకుని అనకాపల్లి వెళ్ళారు. తుక్కు కొట్టువాడు వాళ్ళను చూసి జాలిపడ్డాడు. "ఆ ఇంజనా? అది కరోనా ముందరే కరిగించేసేం అన్నా. ఎవుడైనా అడుగుతాడేమో అని కాగితాలు మాత్రం బద్దరంగా దాచేం."

"లేని ఇంజనుకి దరకాస్తెందుకెట్టేవురా?" అన్నాడు పరదేశి.

"ఆపీసోళ్ళే ఫోను సేసి, మంచి కాగితాలుంటే పంపమన్నారు. ఇంజను సంగతి నన్నెవుడూ అడగనేదు."

తిరిగి రెండో అంతస్తు ఎక్కారు. గౌరీశంకర్ ఓపికగా విన్నారు.

"పరదేశిగారూ, కాగితం లేకుండా ఇంజనుంటే కష్టం. ఎక్కడినుంచి తెచ్చావంటారు, పోలీసులొస్తారు. ఇంజను లేకుండా కాగితముంటే మీకొచ్చిన ఇబ్బందేమిటి?"

"బండి కదలదండి."

"గడువు ఎల్లుండితో తీరుతుంది. మళ్ళీ మొదటినుంచి వెళ్దామంటే వెళ్దాం. ఇది కావాలంటే ఇప్పుడే సంతకం పెడతాను."

పరదేశి ఏసుదానాన్ని చూశాడు. ఏసుదానం సీలింగు ఫ్యాను చూశాడు. "పెట్టెయ్యండి," అన్నాడు పరదేశి.

రిజిస్ట్రేషన్ రెన్యువల్ అయింది. నలుగురు మనుషులు కారును కాలుష్య పరీక్షకు తోసుకెళ్ళారు. గొట్టం పెట్టి చూస్తే పొగ సున్నా వచ్చింది. ఇలాంటి బండిని ఈ జిల్లాలో చూడలేదని చెప్పి, పరీక్ష చేసినాయన పరదేశికి చేయి కలిపాడు. ఆమోదించిన ఇంజనును పదిహేనేళ్ళదాకా మార్చరాదని ఆర్సీ వెనక అచ్చువేసి ఉంది. అంటే ఏసుదానం షెడ్డులోది ఇప్పుడు ఎక్కిస్తే నేరం. ఆ సాయంత్రం పరదేశి బోనెట్టెత్తి చూసుకున్నాడు. పగిలిన ఇంజనును ఏసుదానం ఎప్పుడో దించేశాడు కాబట్టి లోపలినుంచి నేల కనిపించింది. ఒక కోడి కూడా కనిపించింది.

కారు దక్కింది. కాని వైశాఖంలో ప్రేమ్‌కుమార్ అనే కుర్రాడి పెళ్ళికి పరదేశి సంక్రాంతికి ముందే మాటిచ్చి ఉన్నాడు. మానేస్తే ఆ మాట పోతుంది. మాట పోయిన కాంటెస్సాను మళ్ళీ ఎవరూ పిలవరు. అప్పుడది తుక్కులో ఉన్నా ఇంటిముందున్నా ఒకటే.

"ఎంత దూరం?" అడిగాడు బాలు. కబురు తెలిసి అతనే వచ్చాడు, అలక ఇంకా పూర్తిగా తీరని ముఖంతో.

"విడిది కాడ నుంచి కళ్యాణమండపం. రెండు కిలోమీటర్లుంటాది."

"తోసేద్దాం బావా. ఊరేగింపంటేనే మెల్లగెల్లాల. ఎవుడికి తెలుస్తాది?"

అలాగే బయల్దేరారు. స్టీరింగు దగ్గర ఏసుదానం కూర్చున్నాడు. వెనక నుంచి పరదేశి, బాలు తోస్తున్నారు. పక్కన నూకరత్నం నీళ్ళసీసా పట్టుకుని నడుస్తోంది. ముందు బ్యాండు వాయిస్తున్నారు. లోపల ప్రేమ్‌కుమార్ హాయిగా చేయి ఊపుతున్నాడు. కారు చప్పుడు లేకుండా, అదురు లేకుండా సాగుతుంటే, బ్యాటరీ బండి కాబోలని జనం మెచ్చుకున్నారు. పరదేశి చొక్కా వీపుకి అతుక్కుపోయింది. అయినా, కాంటెస్సా వస్తోందని ఎవరో అరవడం విని ఆయన ఇంకాస్త గట్టిగా తోశాడు.

కూడలిలో గౌరీశంకర్ గారు నిలబడి ఉన్నారు. ఇంజన్ల గుర్తింపు వారోత్సవాల సందర్భంగా ఆకస్మిక తనిఖీ. ఆయన కాగితాలన్నీ చూసి, అన్నీ సక్రమమని తల పంకించారు. తర్వాత వెనక్కి వచ్చి, పరదేశిని, బాలును చూసి ఆగారు.

"బండి కదులుతోందే."

"తోస్తన్నాం సార్," అన్నాడు బాలు.

గౌరీశంకర్ కోప్పడలేదు, బాధపడ్డారు. "అంటే ఇంజను మార్చారు. పదిహేనేళ్ళు మార్చకూడదని రాసిచ్చానే? నేను బండి ఆపేయాలిప్పుడు."

"లోపల పెళ్ళికొడుకున్నాడు బాబూ," అంది నూకరత్నం. "లగ్గం దాటిపోద్ది."

ఆయన మంచివారు. సంచిలోంచి ఒక ఫారం తీశారు. "తాత్కాలిక ఇంజనుగా నమోదు చేస్తాను. కానీ ఒక బండికి ఒకే ఇంజను. ఇద్దరిలో ఎవరు?"

నూకరత్నం తమ్ముణ్ణి చూసింది. మొగుణ్ణి చూసింది. "ఈయనే," అంది, మొగుడివైపు సీసా చూపిస్తూ.

బ్యాండువాళ్ళు వాయించడం ఆపి చూస్తున్నారు. గౌరీశంకర్ కారు డిక్కీ మీద ఫారం పరిచి అడగడం మొదలుపెట్టారు. ఇంజను నంబరు దగ్గర పరదేశి ఆధార్ నంబరు పన్నెండంకెలూ పట్టాయి. ఒక్కటి కూడా గీకనక్కర్లేకపోయింది.

"ఇంధనం?"

"పొద్దున్న గంజండి. మజ్జానం అన్నం."

'రెండు ఇంధనాలు' అని రాసుకున్నారు. "పొగ?"

"బీడీలు మానేసి ఆరేళ్ళయిందండి."

'లేదు.' చివరి గడి మిగిలింది. ఇంజను పరిస్థితి. గౌరీశంకర్ పెన్ను మూసి, పరదేశి చుట్టూ ఒకసారి తిరిగారు. దగ్గరగా వంగి ఆయన ఊపిరి విన్నారు. మోకాళ్ళ కేసి చూశారు. తర్వాత పెన్ను తెరిచి, గుండ్రటి అక్షరాలతో రాసి, ముద్ర వేసి, కాగితం చేతికిచ్చారు. బ్యాండు మళ్ళీ అందుకుంది.

పరదేశి కళ్ళజోడు ఇంట్లో ఉండిపోయింది. ఏసుదానం కిటికీలోంచి చేయి చాపి కాగితం తీసుకుని, వినబడేలా చదివాడు.

"పాత మోడలు. విడిభాగాలు దొరకవు. ఆగేవరకు వాడుకోవచ్చు."